కూడబలుక్కునే పది నిమిషాలు

ఒకటో తరగతి టీచరమ్మ పొద్దుటినుంచి కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూనే ఉంది. ఇవాళ తనిఖీ. ఈపాటికి పద్దెనిమిదో పాఠం అయిపోవాలి. ఆవిడ తరగతి పదకొండు దగ్గరే కూర్చుంది. ఇలాగైతే తరగతిని వేరేవాళ్లకిచ్చేస్తానని పెద్ద టీచరమ్మ ముందే చెప్పేసింది.

అంతా ఆ బుడంకాయ చేసిన పని. ఆరేళ్ల పిల్ల. రెండు నెలల కిందట చదువుతూ చదువుతూ రెండు కాగితాలు ఒకేసారి తిప్పేసి, మధ్యలో ఉండిపోయిన పేజీని గడగడా చదివేసింది! కళ్లముందు లేని పేజీని! టీచరమ్మకి అనుమానం వచ్చింది. పాఠంలో బొమ్మలు మూసి మిగతావాళ్లనీ అడిగి చూసింది. ముప్పైమందీ బట్టీపట్టిన చిలకలే. ఇరవై ఏళ్లుగా తను వెలగబెట్టింది ఇదా అని సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాటినుంచి కథ చదివే గంటలోంచి పది నిమిషాలు తీసి, ఒక్కో అక్షరం శబ్దం పలికించి, కలిపి చదివించడం మొదలుపెట్టింది. పది కాస్తా ఇరవై అయింది. పాఠాలు నత్తనడక పట్టాయి.

"ఇవాళ్టికి పాత పాఠం ఏదైనా అప్పజెప్పించెయ్యండి, గట్టెక్కుతాం" అంది పెద్ద టీచరమ్మ.

"అప్పజెప్పడం చదవడం కాదండీ."

"నాకెందుకు చెబుతారు? వచ్చే ఆయనకి చెప్పుకోండి!"

ఆయన రానే వచ్చాడు. వచ్చి బుడంకాయనే లేపి, కొత్త పాఠం తీశాడు. పిల్ల వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కోసాగింది. అబ్బ, ఎంతసేపు! అందించాలని టీచరమ్మకి నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకుంది. అధికారి గడియారం చూసుకుని మధ్యలోనే కూర్చోమన్నాడు.

"బాగా వెనకబడ్డారండీ" అని రాసుకుని వెళ్లిపోయాడు. ఆ ఒక్క వాక్యం పూర్తయ్యేదాకా ఆగితే ఆయన సొమ్మేం పోయింది!

సాయంత్రానికి తరగతి తలుపుకి ఒక కాగితం అతికించారు. టీచరమ్మ దానివంక చూడకుండా సంచి సర్దుకుంటోంది. బయట బుడంకాయ మునివేళ్లమీద నిలబడి, అక్షరాలమీద వేలు పెట్టింది.

"రే... ప... టి... రేపటి నుంచి... ఒక... టో... తర... గతికి... కొత్త... టీ... చర్."

బొమ్మ లేదు. ముందు చదివి వినిపించినవాళ్లూ లేరు. పిల్ల మొహం చాటంతైంది.

"టీచర్! నేనే చదివా! మొత్తం నేనే!" అని పరుగెత్తుకొచ్చి ఆవిడ నడుం చుట్టేసింది.

ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. నెత్తిమీద చెయ్యివేసి, "నువ్వేనే తల్లీ, నువ్వే" అంది.

బుడంకాయ తలెత్తి ఆ కళ్లలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మరి రేపటినుంచి మీరో, టీచర్?"