వారగా తిప్పిన అద్దం

ట్రౌగాట్‌కి తన కింద పనిచేసే లేబ్రెష్ట్ అంటే ఒళ్లుమంట. వాడి పొడుగు వేళ్లన్నా, పనిచేస్తూ వేసే ఈలన్నా మంటే. యేనా ఊరి కటకాల పనిశాలలో పెద్ద మేస్త్రీగా కిటికీ పక్క బల్ల ఇరవై రెండేళ్లుగా ట్రౌగాట్‌ది. ఆ బల్ల కావాలన్నవాడు సూక్ష్మదర్శినికి సొంతంగా కటకం చేసి, పెద్ద మేస్త్రీ కటకంతో పోటీకి పెట్టాలి. ఓడిన కటకాన్ని చేసినవాడే ఇత్తడి సుత్తితో పగలగొట్టాలి. ఇప్పటికి ఆరుగురు పగలగొట్టి ఏడ్చారు. ఈసారి లేబ్రెష్ట్ వంతు.

వెండి పూత మీద సన్నగీతలు గీసిన గాజుపలకను ట్రౌగాట్ సూక్ష్మదర్శిని గొట్టం కింద పెట్టాడు. ముందు తన కటకం బిగించి చూశాడు. కిటికీ వెలుగు కింది అద్దం మీద పడి, తిన్నగా పైకి లేచి, పలకలోంచి, కటకంలోంచి గొట్టమెక్కి కంటికి చేరింది. గీతలు కత్తితో కోసినట్టున్నాయి. తర్వాత లేబ్రెష్ట్‌ది బిగించాడు. అందులోనూ అంతే.

"ఏం మేస్త్రీ, నోరు పెగలట్లేదా?" అన్నాడు లేబ్రెష్ట్.

"నోర్ముయ్యరా. వెలుగుకి అడ్డం తప్పుకో."

వాడు కదిలేలోగా ట్రౌగాట్ బొటనవేలితో అద్దాన్ని వారగా తిప్పాడు. తిన్నగా వచ్చే వెలుగు కటకం నడుమ నుంచే పోతుంది. నడుమ ఎవడైనా నునుపు చేస్తాడు. ఏటవాలుగా వచ్చే వెలుగు అంచు దాకా పోతుంది. పనివాడి గుట్టంతా ఆ అంచులోనే ఉంటుంది; అంచు సరిగా కుదరకపోతే గీతల పక్కన రంగులు తేలతాయి. అనుకున్నట్టే గీతల పక్కన సన్నటి ఎరుపు తేలింది. ట్రౌగాట్‌కి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మగారూ, ఇలా వచ్చి చూడండి ఈ ఘనకార్యం!"

పనిశాల యజమానురాలు ఓటీలియ వచ్చి కన్ను పెట్టింది. "అవును, కాస్త ఎరుపుంది."

"కాస్తేమిటండీ! ఒరేయ్, సుత్తి తే."

లేబ్రెష్ట్ కదల్లేదు. "మీది కూడా అమ్మగారికి చూపించండి. పోటీ అన్నాక రెండూ చూడాలిగా."

"నాది లోకమంతా చూసిందిరా, గాడిదా!"

"ఇంకోసారి చూస్తే అరిగిపోదులే. బిగించు," అంది ఓటీలియ.

అప్పుడు గుర్తొచ్చింది ట్రౌగాట్‌కి, అద్దం ఇంకా వారగానే ఉందని. సరిచేద్దామంటే ఇద్దరి కళ్లూ అక్కడే ఉన్నాయి. ఇరవై రెండేళ్లలో తన కటకాన్ని ఏటవాలు వెలుగులో ఒక్కసారీ చూసుకోలేదు. ధైర్యం చాల్లేదు, అంతే.

అతను తన కటకం బిగించాక ఓటీలియ చాలాసేపు చూసింది. లేచి కుర్చీ అతనికి వదిలింది. అతను వంగి చూశాడు. గీతలన్నీ ఎరుపు, పచ్చ రంగుల్లో మునిగిపోయాయి. ఏ గీత ఏదో తెలియడం లేదు.

"వెలుగు మారిందేమో," అని గొణిగాడు.

"ఎందుకు మారుతుంది? అద్దం ఎవరైనా ముట్టుకున్నారా?" అంది ఓటీలియ.

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కటకం పోతుంది. "ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు ట్రౌగాట్.

లేబ్రెష్ట్ సుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. పెడుతూ చెవిలో అన్నాడు: "అద్దం మీద మీ వేలు నేను చూశాను మేస్త్రీ. అందుకే మీది కూడా పెట్టమన్నా."

మొదటి దెబ్బ బల్లకు తగిలింది. రెండో దెబ్బకు కటకం పగిలింది. లేబ్రెష్ట్ ఈల వేస్తూ కిటికీ పక్క బల్ల తుడవడం మొదలుపెట్టాడు.