లోరెయిన్ ఇంట్లో కెటిల్ లేని రోజు

హాలిఫాక్స్ ఊళ్లో మనిషి నడుం విరిగి మంచాన పడి ఉన్నా సరే, ఎలా ఉన్నారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "ఫర్వాలేదు." లోరెయిన్ ఆక్రాయిడ్ ఆ విద్యలో ఆరితేరిన మనిషి. బడి వంటశాలలో ఏళ్ల తరబడి గంగాళాలు ఎత్తి దించిన ఆమె చేతులు కీళ్లవాతంతో వంకర్లు తిరిగాయి. మోకాళ్లు మొండికేశాయి. వాళ్ల వీధేమో నిటారుగా కొండెక్కుతుంది. అందుకని చలికాలం నుంచీ ఆమె గేటు దాటలేదు. శనివారం సంతంటే ప్రాణం పెట్టే మనిషికి కిటికీయే లోకమైంది. వైకల్య భత్యం మంజూరైతే మోటారు కుర్చీ వస్తుంది, సంత మళ్లీ దక్కుతుంది. లేకపోతే ఇక అంతే.

ఇంత తెలిసీ ఆవిడ దరఖాస్తులో "వంట చేసుకోగలరా?" అన్నచోట "చేసుకోగలను" అని రాసింది. పక్కింటి బెవ్ అది చూసి నెత్తి కొట్టుకుంది. మొగుడి గుండెజబ్బు విషయంలో ఈ భత్యమిచ్చే ఆఫీసుతోనే పోట్లాడి నెగ్గింది కాబట్టి బెవ్‌కి ఈ వ్యవహారం కొట్టిన పిండి.

"రాత్రి ఏం తిన్నావే?" అని అడిగింది.

"బ్రెడ్డు."

"మొన్న?"

"బ్రెడ్డే. కాల్చుకున్నానుగా."

"మరి సూపు డబ్బాల మూతలు ఎవరు తీస్తున్నారు?"

"నువ్వు."

"ఇంకేం వంట చేసుకుంటున్నావే తల్లీ?"

"చేతకాదని రాస్తే ఊరూపేరూ తెలియని వాళ్లు నా గురించి ఏమనుకుంటారే?" అంది లోరెయిన్. ఉన్నదున్నట్టు రాయించేసరికి బెవ్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

కొన్నాళ్లకి, మిమ్మల్ని చూడ్డానికి మనిషిని ఇంటికి పంపుతున్నామని కబురొచ్చింది. లోరెయిన్‌కి తర్ఫీదు ఇవ్వడానికి బెవ్ ముక్కు కొసన కళ్లజోడు పెట్టుకుని అధికారి వేషం కట్టింది. ఎలా ఉన్నారని అడగడం, లోరెయిన్ ఫర్వాలేదనడం, బెవ్ బిస్కెట్ల పళ్లెం లాగేసుకోవడం. వారమంతా లోరెయిన్ నోట ఒక్క బిస్కెట్ పడలేదు.

అంతకంటే పెద్ద గండం టీ. ఆ వీధిలో గడప తొక్కినవాడికి, మీటరు చూడ్డానికి వచ్చినవాడికైనా సరే, టీ ఇవ్వకుండా పంపితే మళ్లీ తలెత్తుకోలేరు. టీ పెట్టి ఇచ్చిందంటే ఈవిడకి అన్నీ చేతనవుతాయని ఆ అధికారి రాసుకుపోతాడని బెవ్ భయం. ఆ రోజు మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలి కాబట్టి దగ్గరుండి కాపలా కాసే వీల్లేదు. లోరెయిన్ ఒట్టు వేసినా నమ్మలేదు. పొద్దున్నే వచ్చి టీనీళ్లు కాచే కెటిల్ చంకన పెట్టుకుపోయింది.

వచ్చినవాడి పేరు ఓవెన్ స్పెడింగ్. కొండ కింద ఎక్కడో కారు ఆపి, వానలో నడిచొచ్చాడు. చొక్కా చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎలా ఉన్నారమ్మా?"

"ఫర్వాలేదు నాయనా," అనేసి లోరెయిన్ నాలుక కరుచుకుంది.

ఆ తర్వాత కూడా ఏది అడిగినా, ఏదో నెట్టుకొస్తున్నానందే తప్ప ఇంకో మాట రాలేదు. అతని కలం చకచకా సాగిపోతోంది. సంత చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. కానీ ఆవిడ చూపు మాత్రం తడిసిన ఆ చేతుల మీదే ఉంది. ఇక ఆగలేక లేచింది.

పాలగిన్నెలో అడుగున కాసిని నీళ్లు పట్టింది. అంతకు మించితే ఎత్తలేదు. టీ డబ్బా మూత పళ్లతో లాగింది. మధ్యలో రెండుసార్లు ముక్కాలిపీట మీద కూలబడింది. గిన్నెని రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తితే సగం పొయ్యి మీద ఒలికింది. ఓవెన్ గుమ్మంలోకొచ్చి, సాయం చేయనా అన్నాడు. ఇంటికొచ్చినవాళ్లతో పని చేయించే అలవాటు మాకు లేదంది. అతని కలం ఆగిపోయింది.

కప్పు అతని చేతికి అందేసరికి టీ చల్లారిపోయింది. కప్పులో కంటే సాసర్లో ఎక్కువుంది. అతను మర్యాదగా ఓ గుక్క తాగాడు.

"ఎలా ఉంది నాయనా?"

"ఫర్వాలేదమ్మా."

ఆ మాటకి అర్థం ఆ ఊళ్లో లోరెయిన్‌కి తెలిసినంతగా ఎవరికి తెలుసు? పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. నవ్వాగినా అవి ఆగలేదు. బడిపిల్లలందరికీ వండిపెట్టిన చేతులు ఒక్క కప్పు టీకి కొరగాకపోయినందుకు ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది.

"ఘోరంగా ఉంది కదూ," అంది.

"ఘోరంగానే ఉందమ్మా," అని అతను రాసిన కాగితం పక్కన పెట్టి కొత్తది తీశాడు. "ఇప్పుడు మీరు చెప్పండి. ఎలా ఉన్నారు?"

అప్పుడు చెప్పింది. బొత్తాల సంగతి, మెట్ల సంగతి, నిద్రపట్టని నొప్పుల సంగతి, రోజూ తినే బ్రెడ్డు సంగతి. బెవ్ తిరిగొచ్చి, అధికారి చేతిలో టీకప్పు చూసి, కెటిల్‌తో సహా గుమ్మంలోనే చతికిలబడింది.

ఎండలు ముదిరేనాటికి లోరెయిన్ మోటారు కుర్చీలో సంతకి దిగింది. చాలా కాలానికి కనిపించావు, ఎలా ఉన్నావని చీజు కొట్టతను పలకరించాడు.

"ఫర్వాలేదు," అంది లోరెయిన్. ఈసారి నిజంగానే అంది.

బెవ్ సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఆమె ఒళ్లో పెట్టింది.