గుడ్ల బండిలో వెంకటప్పయ్య గారు

రావమ్మ టీ బడ్డీ దగ్గర, శనివారం పొద్దున, పదిమంది వింటుండగా అన్నాడు వెంకటప్పయ్య ఆ మాట.

"బాలశౌరి తాగి తోలుతున్నాడు. లేకపోతే వారంలో ఇన్ని గుడ్లు ఎట్టా పగుల్తాయి? సోమవారం నుంచి వేరే బండి పెడతన్నా."

ఆయనకు కోళ్ళ షెడ్లున్నాయి, రొయ్యల చెరువులున్నాయి. బాలశౌరికి ఉన్నదల్లా ఒక పాత మినీ లారీ. తెల్లవారకముందే ఆ షెడ్లలో గుడ్లెత్తుకుని, కాలవ కట్ట మీదుగా వెళ్ళి, బెజవాడ వన్ టౌన్‌లో దించి రావడం అతని పని.

బాలశౌరి చేతిలో టీ గ్లాసు అట్లాగే బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చాడు. నలభై రోజుల ఉపవాసాలు మొదలైన విభూది బుధవారం నుంచి అతను చుక్క ముట్టలేదు. అంతకు ముందు ముట్టేవాడు, ఊరంతా చూసింది. అందుకే ఆ మాట అంత తేలిగ్గా అంటుకుంది. గుడ్ల పని పోతే ఇంకో పని దొరుకుతుంది. తాగుబోతు డ్రైవరని పేరు పడితే ఈ చుట్టుపక్కల ఎవడూ అతని బండిలో సరుకెత్తడు.

"మరి నువ్వేమన్నావయ్యా?" అడిగింది అతని భార్య శౌరమ్మ.

"ఏమంటా. నోరు పెగల్లేదు."

"తాగిన్నాడు మా బాగా పెగిలేది."

బాలశౌరి పాత చాపొకటి బండి కింద పరుచుకుని దూరాడు. చిన్న గతుకు తగిలినా వెనక భాగం ఎగిరెగిరి పడుతోందని అతనికి నెల నుంచి తెలుసు. కమాను పట్టీలు సడలాయనుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు టార్చిలైటు వేసి చూస్తే అసలు సంగతి కనపడింది. వెనక షాకబ్జర్లు రెండూ తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఒకటైతే అడుగున తెగిపోయి ఊరికే వేలాడుతోంది.

శౌరమ్మ వంగి చూసింది. "ముందువి బానే ఉన్నాయిగా. వెనకవే ఎందుకిట్టా తయారయినయ్?"

"రొయ్యలు," అన్నాడు బాలశౌరి.

నిరుడు వెంకటప్పయ్య చెరువుల్లో రొయ్యలు పట్టినప్పుడు రెండు నెలలపాటు రొయ్యల టబ్బులు మోసింది ఈ బండే. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు చెక్కల సందుల్లోంచి కారి సరిగ్గా అక్కడే పడేవి. ట్రిప్పు అవగానే బాలశౌరి ముందద్దం మీది వేళాంగణిమాత బొమ్మ దగ్గర్నుంచి వెనక తలుపు దాకా తళతళలాడేట్టు కడిగేవాడు. బండి కిందికి మాత్రం ఒక్కనాడూ పైపు పెట్టలేదు.

"మొహం కడిగి కాళ్ళొదిలేశావు. అది నీ తప్పే," అంది శౌరమ్మ. "ఆయన ఉప్పునీళ్ళు ఇనుము తినేస్తే నా మొగుడు తాగుబోతు ఎట్టా అవుతాడు?"

తుప్పు నట్ల మీద డీజిల్ పోసి, బాలశౌరి ఆటోనగర్ బస్సెక్కాడు. అక్కడి రిపేరు షెడ్డువాళ్ళు బండి తెచ్చి వదిలితే మంగళవారానికి ఇస్తామన్నారు. అతను కొత్త జత, రబ్బరు బుష్షులు, నట్లు కొనుక్కుని మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాడు.

ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి వెనక జాకీ ఎత్తాడు. "దాన్నొక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరతావా?" అని శౌరమ్మ రెండు తాడిదుంగలు దొర్లించుకొచ్చి ఇరుసు కింద పెట్టించింది. పై నట్లు మూలుగుతూ వచ్చాయి. కిందివాటిలో ఒకటి కదలనంది. పానాకు బోరు పైపు ముక్క తొడిగి, ఇద్దరూ కలిసి దాని మీద బరువంతా వేశారు.

"ఇది వెంకటప్పయ్య మెడనుకుంటన్నా," అంది శౌరమ్మ.

నట్టు టప్పున తెగింది. బాలశౌరికి పొద్దుటి నుంచి అప్పుడే మొదటిసారి నవ్వొచ్చింది.

పాతదాన్ని నేలకానించి నొక్కితే కిందికి దిగి అట్లాగే ఉండిపోయింది. కొత్తదాన్ని రెండు చేతులా నొక్కాల్సొచ్చింది. వదిలితే మెల్లగా తనే లేచింది.

సాయంత్రం నాలుగింటికి కొత్తవి బిగిశాయి. మొగుడూ పెళ్ళాం బండి వేసుకుని తిన్నగా కోళ్ళ షెడ్ల దగ్గరికే వెళ్ళారు. బాలశౌరి తుప్పు షాకబ్జరు తీసుకెళ్ళి వెంకటప్పయ్య ముందున్న బల్ల మీద పెట్టాడు.

"గుడ్లు పగలగొట్టింది ఇదండి. దీన్ని తిన్నది మీ రొయ్యల ఉప్పునీళ్ళు."

"ఈ ఇనుప ముక్క చూపిచ్చి నాకు కతలు చెబుతున్నావా?"

"చెప్పటం ఎందుకండి," అంది శౌరమ్మ. "రెండట్టల గుడ్లు ఒళ్ళో పెట్టుకుని మీరే వెనక కూర్చోండి. కట్ట మీద పోదాం. ఒక్కటి పగిలినా తాగి తోలాడన్న మాట మేమే ఊరంతా చాటుతాం."

షెడ్డులో పనివాళ్ళు గుడ్లేరడం ఆపి చూస్తున్నారు. కాదంటే బాగుండదని వెంకటప్పయ్య తెల్లపంచె ఎగ్గట్టి ఎక్కాడు. బాలశౌరి అట్టలందించి వెనక తలుపు గొళ్ళెం పెట్టాడు. శౌరమ్మ బల్ల మీది షాకబ్జరు తీసుకుని ముందెక్కింది.

కట్ట మీద ఎన్ని గతుకులున్నాయో అన్నిటిలోనూ బండి దించాడు బాలశౌరి. రావమ్మ బడ్డీ ముందు ఆపాడు. అరవై గుడ్లూ అరవైగానే ఉన్నాయి. పంచె మీద మరక లేదు.

"సరేలేరా, సోమవారం వచ్చెయ్. తలుపు తియ్యి," అన్నాడు వెంకటప్పయ్య.

బాలశౌరి గొళ్ళెం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు. "వస్తానండి. పొద్దున మీరు అన్నది ఇక్కడే. ఇక్కడే మళ్ళీ చెప్పండి."

టీ తాగేవాళ్ళు అటు తిరిగారు. రెండు చేతులా గుడ్లు పట్టుకుని ఆయన దిగనూ లేడు, కూర్చోనూ లేడు.

"షాకబ్జర్లు పోయినయ్యంట. అందుకని పగిలినయ్."

"ఇంకోటుందండి."

"తాగలేదులే."

"ఎవరండి?" అడిగింది శౌరమ్మ.

"బాలశౌరి," అన్నాడు వెంకటప్పయ్య, ఈసారి అందరికీ వినపడేట్టు. "బాలశౌరి తాగలేదు."

అప్పుడు గొళ్ళెం తీశాడు బాలశౌరి. గుడ్లందుకుని, చెయ్యిచ్చి ఆయన్ని దించాడు. రావమ్మ టీ పోసింది. పొద్దున వదిలేసిన చోటే కూర్చుని బాలశౌరి గ్లాసు ఖాళీ చేశాడు.

శౌరమ్మ బండిలోంచి తుప్పు షాకబ్జరు తెచ్చి బడ్డీ బల్ల మీద పెట్టింది. "ఇదిక్కడ ఉండనీ రావమ్మా. పొద్దున విన్నోళ్ళు ఇప్పుడందరూ లేరుగా. వచ్చినోళ్ళకి చూపించు."