ఎవరి కుడి, బావా?

మా వీధి వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, పై ఇంట్లో జారిపడ్డ బొత్తాం దొర్లుకుంటూ వెళ్లి కింది ఇంటాయన చొక్కాకి దానంతటదే కుట్టుకుంటుంది. ఆ వాలు మీదే అమ్మ మా పాత కారులో రోజూ తను చేసిన కేకులు తీసుకెళ్లి ఇచ్చొచ్చేది. పోయిన వారం వానలో ఆవిడ బ్రేకు నొక్కింది. కారు ఆ సంగతి పట్టించుకోలేదు. చివరికి పూలకొట్టు ముందున్న బకెట్లు దాన్ని ఆపాయి. ఎవరికీ ఏమీ కాలేదు, కేకు మాత్రం డాష్‌బోర్డు రూపం దాల్చింది. అమ్మ ఇంటికొచ్చి, తాళాలు నాన్న కుట్టుమిషను మీద పెట్టి, "నేనింక నడపను" అంది.

కారంటే అమ్మకి ప్రాణం. అలాంటిది, కేకులు చేత్తో మోసుకుంటూ, కారు పక్కనుంచే తల తిప్పుకుని వెళ్లేది. దర్జీపని తప్ప ఇంకేమీ తెలియని మా నాన్న అది చూడలేకపోయాడు. "వెనక బ్రేకులు మార్చేద్దాం. భయం అదే పోతుంది" అని మావయ్యని పిలిపించాడు.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. "రెండు బైకులు పక్కపక్కన కట్టేస్తే కారే కదా బావా" అన్నాడు.

మా కారు వెనక చక్రాలకి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. మూతపెట్టిన గిన్నెలాంటివి. లోపలికి నీళ్లు పోతే ఓ పట్టాన ఆరవు, ఆరేదాకా సరిగ్గా పట్టవు. అదే డిస్కు అయితే బయటికి కనిపించే ఇనప పళ్లెం. కాలిపర్ అనే పట్టుకారు దాన్ని రెండువైపులా నొక్కి ఆపుతుంది. ఇదే కారు పెద్ద మోడల్‌కి డిస్కులుంటాయట. పాత సామాన్ల కొట్లో మావయ్య ఆ సెట్టంతా సంపాదించాడు.

ఆదివారం పొద్దున్నే చక్రాలు ఊడదీశాం. "నేనటు చూడను" అని అమ్మ వంటింట్లోకి వెళ్లి, కిటికీలోంచి మాత్రమే చూసింది. డ్రమ్ము బోల్టు ఒకటి కదలనని భీష్మించుకుంది. మావయ్య స్పానర్ మీదెక్కి నిలబడ్డాడు. అక్కడే టీ తాగాడు, అక్కడే పేపరు చదివాడు. క్రీడల పేజీకి వచ్చేసరికి బోల్టు లొంగింది.

హ్యాండ్ బ్రేకు కేబుల్ తగిలించడానికి మావయ్య వెనకనుంచి కారు కిందికి దూరాడు. పాదాలు మాత్రం బయటున్నాయి.

"బావా, కుడి కాలిపర్ ఇలా అందుకో!"

నాన్న అందించాడు. రెండోది రెండోవైపు పెట్టి బిగించేశారు.

"కేబుల్ కాస్త వంకరగా వస్తోందే?"

"కొత్త కదా బావా, మొహమాటపడుతోంది. సర్దుకుంటుందిలే."

ఇక బ్రేక్ ఆయిల్ పైపుల్లో చేరిన గాలి తీయాలి, అది ఉన్నంతసేపూ పెడల్ గట్టిపడదు. నేను పెడల్ నొక్కి పట్టుకుంటే, మావయ్య కాలిపర్ మీది చిన్న మర వదులు చేసి గాలి బయటికి పోనిస్తాడు.

"నొక్కవే కోడలు పిల్లా! పట్టుకో! వదులు!"

సీసాడు బ్రేక్ ఆయిల్ పోశాం, నా కుడికాలు ఎడమకాలికన్నా రెండు సైజులు పెరిగింది. నాన్న టేపుతో కొలిచి ఖాయం చేశాడు. పెడల్ మాత్రం మెత్తటి దిండులా దిగిపోతూనే ఉంది. నాన్న మొహం వాడిపోయింది. కిటికీ వైపు చూడటం మానేశాడు.

అప్పుడు చేతిలో, కేకుల మీద పువ్వులు వేసే క్రీమ్ సంచితో అమ్మ బయటికొచ్చింది. ఆ వారంలో కారు దగ్గరికి రావడం అదే మొదలు. వంగి చూసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ సంచిలో గాలి చేరితే నేను మూతి పైకి పెట్టి నొక్కుతా. గాలి పైకే కదరా వచ్చేది? మీ మర నేల చూపులు చూస్తోందేంటి?"

మావయ్య చూశాడు. నాన్న చూశాడు. రెండు మరలూ కిందికే ఉన్నాయి.

"బావా, కుడివైపుది ఎడమకిచ్చావ్!"

"నువ్వు కుడిదే కదరా అడిగావు?"

"నా కుడి బావా!"

"నువ్వు కాళ్లు బయటపెట్టి వెల్లకిలా పడుకున్నావ్. నీ కుడి బండికి ఎడమ! ఎవరి కుడో చెప్పొద్దూ?"

"నువ్వు అడగొద్దూ? ఓహో, నువ్వు కుట్టిన నా చొక్కాకి జేబు కుడివైపు వచ్చింది ఇందుకేనా?"

అమ్మ ఫక్కున నవ్వింది. సంచి నాకిచ్చి, "జరగండి" అంటూ వాళ్లిద్దరి మధ్యా కూర్చుంది. కాలిపర్లు అటువి ఇటు మారాయి, కేబుల్ వంకర పోయింది. మళ్లీ గాలి తీస్తే, ఈసారి పెడల్ రాయిలా నిలబడింది. "నువ్వే నొక్కి చూడమ్మా" అన్నాను. అమ్మ కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత సీట్లో కూర్చుంది.

ముందు ఇంటి వెనక చదును సందులో నాలుగైదుసార్లు ఆపి చూసుకున్నాక, వాలు దగ్గరికి బయల్దేరాం. తన పనితనం మీద పూర్తి నమ్మకంతో మావయ్య రెండు సీటుబెల్టులు పెట్టుకున్నాడు. సగం దిగాక అమ్మ బ్రేకు వేసింది. కారు ఆగింది. మా ముక్కులు ఇంకాస్త ముందుకెళ్లి వెనక్కొచ్చాయి.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి.

"దిగండి ముగ్గురూ."

"ఏమైందే?"

"బ్రేకుకి ఆగిందో, మీరు ఊపిరి బిగబడితే ఆగిందో నాకెలా తెలుస్తుందండీ? ఒక్కదాన్నే చూసుకుంటా."

దిగాం. కారు కింది మలుపు దాకా వెళ్లి, బుద్ధిగా ఆగి, పక్కకి తిరిగి కనపడకుండా పోయింది. కాసేపటికి పైనుంచి మళ్లీ దిగింది. నాన్న చెయ్యి ఊపాడు. అమ్మ హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఇంకో చుట్టు. ఇంకోటి.

"అక్క మనల్ని ఎక్కించుకోదా బావా?" అన్నాడు మావయ్య.

"ఆపట్లేదురా బామ్మర్దీ" అన్నాడు నాన్న, మహా ఆనందంగా.