వాడేవారి సంతకం

"గంత లావు కట్టె పొయ్యిల పట్టది. ఇంకా సన్నగ కొట్టు" అన్నాడు మా ఆయన నవీన్‌కుమార్, గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ.

నేను వాకిట్లో సర్కారు తుమ్మ మొద్దును గొడ్డలితో చీలుస్తున్నాను. వేలెడు మందం, జానెడు పొడవు. అంతకు మించితే, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు పంచే సంస్థ వాళ్లు ఇచ్చిన కొత్త పొయ్యి మూతిలో దూరదు. పాత మూడు రాళ్ల పొయ్యికైతే మొద్దు అలాగే పెట్టి, కాలినకొద్దీ ముందుకు తోస్తే సరిపోయేది. ఇప్పుడు పూటకో గంపెడు పుల్లలు కావాలి. పొద్దున గంట, సాయంత్రం గంట గొడ్డలి పనే. అరచేతులు కాయలు కాశాయని ఒకసారి చూపిస్తే, "చేతులు మెత్తగుండాలంటే పట్నంల పుట్టాలె నువ్వు" అని నవ్వాడు.

కొత్త పొయ్యిలో పొగ తక్కువ. అది నిజం, కాదనను. కట్టె కూడా తక్కువే కాలుతుంది. అయితే ఆ కట్టె ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరు కొడతారో ఎవరూ అడగలేదు. ఎయిర్‌పోర్టు వచ్చాక మా పాల్మాకుల చుట్టూ ఒక్కో భూమికీ ఒక్కో గోడ లేచింది. పుల్లల కోసం పక్కింటి సత్తెమ్మా నేనూ రింగు రోడ్డు పక్క దాకా పోతాం. అక్కడి ప్లాట్ల వాచ్‌మన్ రెండుసార్లు మోపు దింపించాడు. మూడోసారి "మొగోళ్లు లేరా మీ ఇండ్లల్ల?" అన్నాడు. ఉన్నారు. మా ఆయన ఆ సమయంలో దగ్గరి ఊరు కొత్వాల్‌గూడలో ఆడవాళ్లను కూర్చోబెట్టి భూమి ఎందుకు వేడెక్కుతోందో చెబుతున్నాడు.

ఆయన ఆ పొయ్యిల ప్రాజెక్టుకు మా వైపు కోఆర్డినేటర్. ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసే కాంట్రాక్టు పని పోయి, ఏడాది ఇంట్లో కూర్చున్నాక దొరికిన నౌకరి. మెడలో కార్డు, చేతిలో ఫైలు, ఊళ్లో "సార్" అనే పిలుపు. నాకూ సంతోషంగానే ఉండేది, మా ఇంటి గ్యాస్ పోయేదాకా.

అవును, మా ఇంట్లో గ్యాస్ ఉండేది. పెళ్లయిన రెండో ఏడు నేను పోరి పోరి తెప్పించుకున్నాను. గ్యాస్ ఉన్న ఇంటికి ఈ పొయ్యి ఇవ్వకూడదని సంస్థ నియమం. దాంతో ఒక రోజు నేను రేషన్ తెచ్చుకుని వచ్చేసరికి గ్యాస్ స్టవ్ ఉన్న చోట గోడ మీద జిడ్డు మరక మాత్రమే ఉంది. సిలిండరు, స్టవ్వు రెండూ శంషాబాద్‌లో వాళ్లన్న టిఫిన్ సెంటర్‌కు పోయాయి.

"నన్ను అడగవా?" అన్నాను.

"నా ఇంట్లనే గ్యాస్ వెట్టుకొని ఊరోళ్లకు కట్టెల పొయ్యి వెట్టుకోమంటే నన్నేమంటరు? జర సమజ్ చేసుకో" అన్నాడు.

మా అత్త ఈరమ్మ మంచం మీంచి దగ్గుతూనే, "మేం పొగల వండలేదా? పిల్లలను సాదలేదా?" అంది. ఆ దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదని నేననుకోను.

భర్త స్వచ్ఛమైన వంట గురించి ఊరూరా చెప్పే నౌకరి చేయడానికి, భార్య గ్యాస్ వదిలి మళ్లీ కట్టె కొట్టాలి. ఈ ముక్క ఎవరితో చెప్పినా నవ్వుతారేమోనని ఏడాదిన్నర ఎవరితోనూ చెప్పలేదు. లోపలి మంట మాత్రం ఒక్కరోజు కూడా చల్లారలేదు.

రెండు వేల పదమూడు ఫిబ్రవరిలో తనిఖీకి వస్తున్నారన్నారు. ఈ పొయ్యిల వల్ల ఎంత కట్టె మిగిలిందో లెక్క తేలితే, ఎక్కడో విదేశంలో ఒక కంపెనీ సంస్థకు డబ్బిచ్చి, తను వదిలే పొగకు బదులు ఇక్కడ ఇంత పొగ తగ్గించానని దాన్ని తన లెక్కలో చూపించుకుంటుందట. సంస్థ మేనేజరు హరిప్రసాద్ గారు ముందురోజే వచ్చి వెళ్లారు. "శ్రీలత గారూ, మీది ఆదర్శ గృహం. నవ్వుతూ మాట్లాడండి చాలు" అన్నారు. మా ఆయన నా చేత వంటింటి గోడకు సున్నం వేయించాడు. పాత రాళ్ల పొయ్యి మీద తడక కప్పించాడు. పెద్ద గిన్నె కొత్త పొయ్యి మీద నిలవదు కనుక, స్నానాల నీళ్లకూ అందరి అన్నానికీ ఆ రాళ్ల పొయ్యే దిక్కు మరి.

కారులో నలుగురు వచ్చారు. హరిప్రసాద్ గారు, విదేశం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన సహాయకుడు, తెలుగు మాట్లాడే మనీషా అనే అమ్మాయి. నేను పొయ్యి ముందు కూర్చున్నాను. మనీషా ఫారం చూసి ప్రశ్నలు అడిగింది. ముందు ఎంత కట్టె కాలేది? ఇప్పుడెంత? పొయ్యి రోజుకు ఎన్నిసార్లు వెలిగిస్తారు? అడుగుతున్నది నన్ను. చెబుతున్నది మా ఆయన.

"ఆమెకు గివన్ని తెల్వయి మేడం. నేను చెప్త కదా. రోజుకు గంటన్నర టైం మిగుల్తది ఆమెకు."

మనీషా నావైపు తిరిగింది. "మిగిలిన సమయంలో మీరేం చేస్తారండీ?"

"ఏం చేస్తది మేడం, టీవీ చూస్తది" అన్నాడు మా ఆయన.

హరిప్రసాద్ గారు నవ్వారు. ఇంగ్లీషులో చెప్పాక ఆ పెద్దాయనా నవ్వాడు. మా అత్తా నవ్వింది. నా చేతిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని కింద పెట్టాను.

"ఆ కాయితం నన్ను జర చూడనియ్యండి" అన్నాను.

నేను పదో తరగతి దాకా చదివాను. ఫారం తెలుగులోనే ఉంది. అడుగున "పొయ్యి వాడేవారి సంతకం" అని ఉన్న చోట నవీన్‌కుమార్ అని ఉంది. దాని వెనక గుచ్చిన అంతకుముందు ఏడాది కాగితం మీదా అదే పేరు.

"మేడం, ఈ పొయ్యి వాడేటోడు ఆయననే అని రాసి ఉన్నది గద. ఆయన్నే ముట్టియ్యమనండి."

మా ఆయన "మజాక్ చేస్తది మేడం" అన్నాడు. మనీషా నవ్వలేదు. "ఒకసారి వెలిగించండి సార్" అంది.

ఆయన కూర్చున్నాడు. లావు కట్టె ఒకటి తీసి దూర్చాడు. దూరలేదు. సన్న పుల్లలు గుప్పెడు ఒక్కసారిగా కుక్కాడు. గాలి ఆడక పొగ కమ్మింది. నాలుగు అగ్గిపుల్లలు గీశాడు, నాలుగూ ఆరాయి. తెల్ల చొక్కా మీద మసి అంటింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నావైపు చూశాడు. ఆ చూపు బతిమాలుతోందో బెదిరిస్తోందో అర్థం కాలేదు. రెండింటికీ నేను కదల్లేదు.

అప్పుడు చెప్పాను. రెండు గంటల గొడ్డలి పని, రింగు రోడ్డు, వాచ్‌మన్. తడక తీసి రాళ్ల పొయ్యి చూపించాను. ఇంట్లో గ్యాస్ ఉండేదని, అది ఎందుకు పోయిందో కూడా చెప్పాను. "ఈ పొయ్యిల కట్టె తక్కువ కాలుడు నిజమే మేడం. అది కొట్టినందుకు పోయిన నా టైం ఏ గడిల రాస్తరు?"

మనీషా ఫారం తిరగేసి చూసింది. "ఆ గడి లేదండీ" అంది మెల్లగా. తర్వాత కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. హరిప్రసాద్ గారి నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

వాళ్లు వెళ్లగానే మా ఆయన గిన్నె ఎత్తి గోడకు కొట్టాడు. "నా నౌకరి తీసినవ్! ఇగ ఏం తింటవో తిను!" మా అత్త "ఇంటి పరువు బజార్ల వడేస్తివి గదనే" అని తల పట్టుకుంది. గోడ అవతల సత్తెమ్మ, వెనకింటి భాగ్యమ్మ నిలబడి అంతా వింటున్నారు. గోడ దగ్గరికి వెళితే భాగ్యమ్మ నా చెయ్యి పట్టుకుని, "మా ఇంట్ల గూడ సంతకం ఆయనదే అక్కా. అడిగితే ఆడోళ్లమందరం చెప్తం" అంది.

మా ఆయన ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "హరిప్రసాద్ సార్‌కు ఫోన్ చెయ్యి. తెలువక మాట్లాడిన, తప్పైంది అను. ఇప్పుడే అను."

ఫోను తీసుకున్నాను. ఆయన నా పక్కనే నిలబడి, ఒక్కో మాటా వినడానికి వంగాడు.

"సార్, నేను శ్రీలతను" అన్నాను. "మా వాడకట్టుల ఇంకా పదకొండు ఇండ్లల్ల మీ పొయ్యిలు ఉన్నయి. ఆడోళ్లందరు మాట్లాడతమంటున్నరు. రేపు ఆ మేడంను మళ్ల తోలియ్యండి. ఈసారి మొగోళ్లను బయట కూసోవెట్టండి."