ఎడమ మడమ

ఉమైమా కంటే వందన బాగా ఆడేది. ఇది వందన తన గురించి చెప్పుకున్న మాట కాదు. సిద్దిపేట స్టేడియంలో ఇద్దరికీ బాస్కెట్‌బాల్ నేర్పిన విజయరాణి మేడమే పదిమంది ముందు అనేది. పద్దెనిమిదేళ్ల లోపు బాలికల రాష్ట్ర ఫైనల్లో జిల్లా జట్టు చేసిన యాభై రెండు పాయింట్లలో ఇరవై ఏడు వందనవి. ఉమైమావి ఎనిమిది.

కానీ ఉమైమా ఎత్తు ఆరడుగుల ఒకటిన్నర అంగుళం. వందన ఐదడుగుల నాలుగు.

వందన చింతమడకలో కల్లు గీసే ముత్తయ్య కూతురు. ఉమైమా తండ్రి జానీ పాషాకు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుట్టే దుకాణం ఉంది. ఏడో తరగతి నుంచి ఇద్దరూ ఒకే బంతితో ఆడారు. ఊరికి ఆటో దొరకని రోజుల్లో వందన ఉమైమా వాళ్లింట్లోనే ఉండిపోయేది. ఉమైమా తల్లి హుస్నాబీ ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం పెట్టేది.

రైల్వే జట్టు ఎంపికలకు సికింద్రాబాద్ వెళ్లేనాటికి ఇద్దరికీ పంతొమ్మిదేళ్లు. రెండు రోజులు ఆడించి, ఆ వయసు పిల్లల్లో ఒక్కరినే తీసుకున్నారు. ఎంపిక చేసిన పెద్దాయన వందనను పక్కకు పిలిచి, "అమ్మా, నీ ఆటకు వంక లేదు. ఆట ఎవరికైనా నేర్పుకుంటాం. ఎత్తు నేర్పలేం గదా" అన్నాడు.

తిరుగు బస్సు ప్రజ్ఞాపూర్‌లో ఆగినప్పుడు ఉమైమా దిగి సమోసాలు తెచ్చింది. "నీకు కోపమొచ్చిందా?" అని మెల్లగా అడిగింది.

"ఎందుకొస్తది? నువ్వయినా నేనయినా ఒకటే గద" అంది వందన.

ఉమైమా ఆ మాట నమ్మింది. సిద్దిపేట వచ్చేదాకా వందన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వందన కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. తొమ్మిదిన్నర అంగుళాలు. జానెడంత. ఆ జానెడు తనకు ఎందుకు లేకుండా పోయిందో అడగడానికి ఎవరూ లేరు.

ఆ తర్వాత పదేళ్లలో ఉమైమాకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. భారత జట్టు శిబిరానికి పిలుపు వచ్చింది. రెండు సీజన్లు థాయ్‌లాండ్‌లో ఒక క్లబ్బుకు ఆడింది. ప్రొఫెషనల్ లీగ్ మొదలుకాగానే పుణె జట్టు తీసుకుంది. ఈ పదేళ్లలోనే వందన డిగ్రీ అయి, వ్యాయామ విద్య చదివి, నంగునూరు బడిలో కాంట్రాక్టు మీద పీఈటీగా చేరింది. సిద్దిపేటలో మొబైల్ దుకాణం నడిపే సంతోష్‌ను పెళ్లి చేసుకుంది. జీవితంలో ఫలానా లోటు అని చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కానీ ఉమైమా ఆడిన ప్రతి ఆట స్కోరు వందన ఫోన్లో వెతికేది. ఉమైమా ఐదు పాయింట్లకు మించలేదంటే మరునాడు బడిలో పిల్లలకు ఆట పీరియడ్ పది నిమిషాలు ఎక్కువ దొరికేది. ఇరవై దాటితే వాళ్లు గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టాల్సి వచ్చేది. టీచరమ్మ కోపం ఎక్కడిదో పిల్లలకు ఎన్నటికీ తెలియలేదు. ఒకసారి చౌరస్తాలో 'సిద్దిపేట ఆడబిడ్డకు అభినందనలు' అని ఉమైమా ఫ్లెక్సీ కట్టారు. అది తీసేసేదాకా మూడు వారాలు వందన స్కూటీని వేరే సందులోంచి తిప్పుకుని పోయింది.

ఇరవై తొమ్మిదో ఏట ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగుతుండగా ఉమైమా ఎడమ మోకాలిలో లిగమెంట్ తెగింది. ఆ వార్త విని వందన ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే, ఈ వయసులో మోకాలు పోతే ఇక లేవడం కష్టమని లెక్క కట్టుకుంది. కళ్లు తుడుచుకునేసరికి మనసు తేలికగా ఉంది. ఆ తేలికదనం చూసి ఆమెకే భయం వేసింది.

ఉమైమా మళ్లీ లేచింది. ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు డాక్టర్లు ఆడొచ్చన్నారు. లీగ్‌కు ఇంకా ఆరు వారాలు ఉన్నాయనగా సిద్దిపేట వచ్చి నేరుగా వందన ఇంటికి వెళ్లింది.

"పొద్దుగాల గంట సేపు నాతోని స్టేడియంకు వస్తవా? నేను షూట్ చేస్త, నువ్వు బాల్ అందియ్యి. వేరేటోళ్ల ముంగట నాకు సిగ్గయితుంది" అంది.

వందన నోరు తెరిచేలోపే సంతోష్, "వస్తది అక్కా, ఎందుకు రాదు" అని ఫోన్ తీసి ఆమెతో ఫోటో దిగాడు.

రోజూ ఐదున్నరకు ఇద్దరూ స్టేడియంలో కలిసేవారు. ఉమైమా వేసేది, వందన బంతి పట్టి తిరిగి అందించేది. మొదట్లో బంతులు బాగానే పడ్డాయి. అలసిపోయాక వేసే ఫ్రీ త్రోలు మాత్రం వరుసగా రింగ్ కుడి అంచుకు తగిలి బయటకు పోయేవి. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డం రాకుండా, గీత మీద నిలబడి వేసే బంతి. ఉమైమా లాంటి ఆటగత్తెకు అది తప్పకూడదు.

మూడో రోజు వందన కారణం పట్టేసింది. అలసట వచ్చాక ఉమైమా ఎడమ కాలి మీద బరువు వేయడం లేదు. ఆ మోకాలంటే లోపల ఇంకా భయం ఉంది. ఎడమ మడమ నేలకు ఆనకుండా రెండు వేళ్లంత లేస్తోంది. దాంతో ఒళ్లంతా కుడికి ఒరుగుతోంది, బంతీ కుడికి పోతోంది. ఎప్పుడో అలసినప్పుడు మాత్రమే వచ్చే తప్పు కాబట్టి డాక్టర్లకు, జట్టు కోచ్‌కు కనబడి ఉండదు. పదిహేడేళ్లుగా ఆ ఒంటి కదలిక తెలిసిన కంటికే కనబడింది.

"మణికట్టు బిగుసుకుపోయినట్టుంది. నీకేమన్న తప్పు కనిపిస్తుందా?" ఉమైమా చెమట తుడుచుకుంటూ అడిగింది.

వందన బంతిని రెండుసార్లు నేలకు కొట్టింది. "ఏం లేదు. ఆట తప్పి ఎన్ని నెలలాయె. మెల్లగ అదే సెట్ అయితది" అంది.

"నిజంగ చెప్తున్నవా?"

"అబద్ధమెందుకు చెప్త?"

ఆ రోజు బడికి పోతూ, రేపు చెబుదామనుకుంది. మరునాడు ఉమైమా తన కొత్త కాంట్రాక్టు గురించి, జట్టులో చిన్నపిల్లలు తనను అక్కా అని పిలవడం గురించి చెప్పింది. వందన వింటూ బంతి అందించింది. ఆ మరునాడూ చెప్పలేదు. ఆరు వారాలు గడిచిపోయాయి. చివరి రోజు హుస్నాబీ ఇద్దరికీ సేమ్యా వండి పెట్టి, "నా బిడ్డకు ఎవరి నజర్ తగిలిందో ఏమో. నువ్వు తోడున్నవని మళ్ల నిలవడ్డది" అని వందన తల నిమిరింది. వందన గిన్నెలోంచి తల ఎత్తలేదు.

పుణె జట్టు సెమీ ఫైనల్ చేరింది. సాయంత్రం ఐదింటికి ఆట. జానీ పాషా దుకాణం మూసి ఇంటికి వచ్చాడు. హుస్నాబీ వందననూ పిలిపించింది. ముగ్గురూ టీవీ ముందు చాప మీద కూర్చున్నారు. ఉమైమా బాగానే ఆడింది, పద్నాలుగు పాయింట్లు చేసింది. ఇంకా ఆరు సెకన్లు ఉన్నాయనగా పుణె ఒక్క పాయింట్ వెనకబడి ఉంది. బుట్టకిందికి దూసుకెళ్తున్న ఉమైమాను అవతలి పిల్ల చేతి మీద కొట్టింది. రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు.

కెమెరా ఉమైమా వెనక నుంచి చూపించింది. జానీ పాషా పెదాలు కదులుతున్నాయి. వందన టీవీలో ఉమైమా ముఖం వైపు చూడలేదు, పాదాల వైపు చూసింది. ఎడమ మడమ లేచింది. బంతి చేతిలోంచి వెళ్లకముందే అది పడదని ఆమెకు తెలిసిపోయింది. కుడి అంచుకు తగిలింది. రెండోదీ అంతే. ఆట అయిపోయింది.

వందన పెదాల మీదికి నవ్వు వచ్చేసింది. ఆపుకోవాలని అనుకునేలోపే వచ్చింది. ఆమె చటుక్కున చేత్తో నోరు మూసుకుంది. పక్కనున్న హుస్నాబీ అది ఏడుపనుకుని, ఆమె తలను తన ఒడిలోకి లాక్కుంది. తనూ ఏడవసాగింది.

కాసేపటికి జానీ పాషా అడిగాడు. "నువ్వు రోజు దానితోని ఆడినవ్ గద బిడ్డా. రెండుకు రెండు ఎందుకు పడలే? భయపడ్డదా?"

"అవును చాచా. ప్రెషర్" అంది వందన.

ఇంటికి వచ్చేసరికి సంతోష్ ఫోన్ చూస్తున్నాడు. ఎవరెవరో ఉమైమాను తిడుతూ రాసినవి చదివి వినిపించాడు. "గంతే, ఆమె పని ఖతం. ఇగ ఎవరు తీసుకుంటరు? ముసల్దయింది" అన్నాడు.

పదేళ్లుగా తను లోపల అనుకుంటున్న మాటే అది. మరొకరి నోట విన్నాక అసహ్యంగా ఉంది. "నీకు ఆట గురించి ఏమన్న తెలుసా? నోర్మూసుకో" అని వందన లోపలికి వెళ్లిపోయింది. సంతోష్‌కు ఏమీ అర్థం కాలేదు.

మూడో స్థానం కోసం ఆదివారం ఇంకో ఆట ఉంది. సెమీ ఫైనల్ మరునాడు పొద్దున బడి మొదలయ్యే ముందు వందన ఫోన్ చేసింది. ఉమైమా గొంతు బొంగురుపోయి ఉంది.

"వందనా, ఏమైందో నాకే సమజయితలేదే."

"నీ ఎడమ మడమ లేస్తుంది" అంది వందన. "అలిసిపోయినంక ఎడమ కాలు మీద బరువు ఏస్తలేవు. మొత్తం కుడికి ఒరుగుతున్నవ్. మడమ కింద పెట్టి, మోకాలు కొంచెం వంచి ఎయ్యి."



"నిన్న టీవీల చూసినవా?"

"కాదు. స్టేడియంలనే చూసిన. మూడో రోజు."

"మూడో రోజు" అంది ఉమైమా. "నేను అడిగిన. నిన్ను మస్తుసార్లు అడిగిన."

"అవును."

తిడుతుందని వందన ఎదురుచూసింది.

"మోకాలు ఎంత వంచాలె?" అంది ఉమైమా.

వందన చెప్పింది. ఉమైమా ఒకటి రెండు ప్రశ్నలు అడిగి అంతా తెలుసుకుంది. చివరకు, "ఇగ నాకు ఫోన్ చెయ్యకు" అని పెట్టేసింది.

ఆదివారం ఆటలో ఉమైమాకు ఏడు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఆరు పడ్డాయి. పుణె గెలిచింది. మూడో స్థానం గురించి పెద్దగా ఎవరూ రాయలేదు గానీ, జట్టు మాత్రం ఆమెను ఇంకో ఏడాదికి ఉంచుకుంది.

వేసవి వచ్చింది. ఉమైమా ఊళ్లోనే ఉందని తెలిసినా వందన ఆ వైపు వెళ్లలేదు. ఉమైమా కూడా రాలేదు. బడి తెరిచిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం నంగునూరు బడి గేటు దగ్గర ఆటో ఆగింది. అంత పొడవు మనిషి ఆటోలోంచి వంగి దిగుతుంటే పిల్లలు నోళ్లు తెరిచి చూశారు.

ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

"ఎందుకు చెప్పలే?" అంది ఉమైమా.

వందన ఎన్నో జవాబులు తయారు చేసుకుని ఉంది. అవన్నీ వదిలేసింది. "నువ్వు పడిపోవాల్నని" అంది.

"ఎప్పటి సంది?"

"సికింద్రాబాద్ సంది."

ఉమైమా గ్రౌండ్ వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కిందికి రాలేదు.

"బస్సుల నీ మీద తల పెట్టి పండుకున్న" అంది. తర్వాత వందన వైపు తిరిగింది. "నిన్ను మాఫ్ చేసిన్నని చెప్పనీకె రాలేదు. చెయ్యలే. అమ్మకు గూడ చెప్పలే, ఆమె తట్టుకోదు. నాకు ఇంకా రెండేండ్లు ఆడాల్నని ఉంది. జట్టుల గంతమంది ఉన్నరు, కెమెరాలున్నయ్. నువ్వు మూడు రోజులల్ల పట్టింది వాళ్లెవరూ పట్టలే. వారానికొకసారి వీడియో పంపుత. తప్పుంటే చెప్తవా?"

"నన్నెట్ల నమ్ముతవ్?"

"నమ్ముతలేను. నువ్వు చెప్పింది నేను చేసి చూసుకుంట. పడితే ఉంచుకుంట, పడకుంటే ఇడిచిపెడ్త."

వందన తల ఊపింది. ఉమైమా టీ కూడా తాగకుండా అదే ఆటోలో వెళ్లిపోయింది.

మొదటి వీడియో ఆ గురువారం అన్నాల గంటకు వచ్చింది. పుణెలో ఏదో పెద్ద ఇండోర్ కోర్టు, అద్దంలా మెరిసే చెక్క నేల. అది చూడగానే వందన ఛాతీలో ఎప్పటి మంటే మళ్లీ లేచింది. అలాంటి నేల మీద తను ఒక్కసారి కూడా ఆడలేదు. వీడియో రెండుసార్లు చూసింది. మడమ సరిగ్గానే ఉంది. బంతి వదిలాక మాత్రం కుడిచేతిని తొందరగా కిందికి దించేస్తోంది.

సాయంత్రం చెబుదామనుకుని ఫోన్ జేబులో పెట్టబోయింది. సాయంత్రానికి తన మనసు ఎలా ఉంటుందో తనకు నమ్మకం లేదు. చెయ్యి కడుక్కుని, టిఫిన్ డబ్బా పక్కకు జరిపి, అక్కడికక్కడే గొంతు రికార్డు చేసింది.

"చెయ్యి జల్ది దించుతున్నవ్. బాల్ రింగ్‌ల పడేదాంక పైననే ఉంచు."

పంపేసింది. తర్వాత చల్లారిన అన్నం తినడం మొదలుపెట్టింది.