ఎడమ పక్క రాళ్లు

నిశ్శబ్దమట, సముద్రం కన్నా ఆ సముద్రం మీద పరుచుకున్న నిశ్శబ్దం బాగుందట, ముప్ఫై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతూ ఇంట్లో కూడా ఇంజను మోతను దాటి వినబడేలా గొంతు చించుకుని మాట్లాడే మనిషికి ఎక్కణ్ణుంచి ఊడిపడింది ఆ మాట, అన్నయ్య నోట అది వచ్చినప్పుడే తనకు అనుమానం రావాల్సింది, రాలేదు, పైగా మొన్న ఆదివారం ఫోనులో అబ్బ ఎంత బాగా చెప్పావు అన్నయ్యా అని మురిసిపోయింది కూడా, ఆ మురిపెం గుర్తొస్తే ఆమెకు ఇప్పుడు అరికాలి మంట నెత్తికెక్కుతోంది, బస్సు దిగి అన్నయ్య ఇంటి వైపు అడుగులో అడుగు వేయకుండా పరుగులాంటి నడక నడుస్తోంది, ఎదురొచ్చిన ఆయన గొడుగు భుజానికి తగిలినా ఆగలేదు, తలనొప్పి అని యజమానితో చెప్పి సగం రోజు సెలవు పెట్టి వచ్చింది, అందులో అబద్ధం ఎంతో ఆమెకే తెలియదు, మధ్యాహ్నం కళ్లద్దాల షాపు వెనక గదిలో, అద్దాల అంచులు అరగదీసే మిషను పక్కన, అన్నం డబ్బా విప్పి ఫోను నీళ్ల సీసాకు ఆనించి ఏదో ఒకటి చూద్దామని నొక్కింది, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న గడ్డపాయన ఒకడు అన్నయ్యా తనూ ఈ నెల ఆడుతున్న పడవ గేమే ఆడుతూ అదే మాట అన్నాడు, సముద్రం కన్నా దాని మీద పరుచుకున్న నిశ్శబ్దం బాగుంది అని, పొల్లుపోకుండా, యాదృచ్ఛికం అనుకుంది, వెనక్కి వెళ్లి వాడి పాత వీడియోలు తీసింది, పోయిన నెల ఆడిన హోటల్లో హత్య గేము, అందులో వంటవాడి చెప్పులు తడిగా ఉన్నాయి గమనించావా అని అన్నయ్య అడిగిన ప్రశ్న, అది కూడా గడ్డపాయనదే, గుర్రం మీద ఉత్తరాలు పంచే గేములో మంచు పడే చోట గుర్రం చెవులు వెనక్కి వాలడం, అదీ వాడిదే, మూడు గేములు, మూడు నెలలు, పన్నెండు ఆదివారాలు, తను వంట కూడా మానుకుని చెవికి ఫోను అంటించుకుని విన్నదంతా ఎవడో గడ్డంవాడి ఎంగిలి.

ఎంగిలి, అంతకన్నా మాట లేదు, పెట్టుకున్న షరతు ఒక్కటే కదా, ఇద్దరం ఒకే గేము ఆడాలి, ఎవరి వీలు చూసుకుని వాళ్లు ఆడాలి, ఎవరి రాతలూ చదవకూడదు, ఎవరి వీడియోలూ చూడకూడదు, ఆదివారం పదింటికి ఫోను చేసి నీకేమనిపించింది నాకేమనిపించింది అని చెప్పుకోవాలి, ఆ షరతు పెట్టింది ఎవరు, ఆయనే, ఆమె కాపురం చెడి ఒంటరిగా ఊరి చివర ఇంట్లోకి మారిన ఏడాది, సంచీలో ఆటల పెట్టె వేసుకుని వచ్చి, తనే తీగలు తగిలించి, ఊరికే గోడలకేసి చూస్తూ కూర్చోకు, ఇది ఆడు, నాకూ ఒకటి కొనుక్కున్నా, ఆడి ఎట్లా ఉందో చెప్పు అన్నాడు, నలభై ఏళ్లు దాటినదాన్ని గేములు ఆడతానా నవ్వుతారు అంటే, నవ్వేవాళ్లని నా బస్సు ఎక్కించు, మధ్యలో దింపేస్తా అన్నాడు, అదీ అన్నయ్య మాట తీరు, అట్లా మాట్లాడతాడు, గేముల గురించి కూడా అట్లాగే చెప్పేవాడు, ఆ కారు స్టీరింగు వెన్నలా తిరుగుతోంది కానీ బ్రేకు మాత్రం దరిద్రం, ఆ రాక్షసుడు మా డిపో మేనేజరులా ఉన్నాడు, ఎంత కొట్టినా చావడు, కానీ చచ్చినట్టు నటిస్తాడు అని, నవ్వి నవ్వి ఆమెకు పొట్ట పట్టుకునేది, మరి ఆ మనిషి హఠాత్తుగా నిశ్శబ్దాలు, గుర్రం చెవులు అని మొదలుపెడితే వయసు పెరిగి మెత్తబడ్డాడేమో అనుకుంది పిచ్చిది, మరి తను చెప్పినవో, తను నిజంగా ఆడి, రెండు రాత్రులు నిద్ర కాచి, ఆ పడవ నడిపే ముసలావిడను దీవిలో వదిలి రావాలా వద్దా అని గంటసేపు కంట్రోలరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, చివరికి వదిలేసి వచ్చి, వదిలేశానన్నయ్యా, నేనే వదిలేశాను, నన్నెవరో వదిలేసినట్టు ఏడ్చాను అని ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది, దానికి ఆయన ఏమన్నాడు, అవునే, నాకూ గుండె పట్టేసింది అన్నాడు, ఏ గుండె, ఎవరి గుండె, ఆడని ఆటకు పట్టేసే గుండె ఎట్లా ఉంటుందో ఈ రోజు చూడాలి.

మెట్లు, మూడో అంతస్తు, లిఫ్టు ముందు నలుగురున్నారు, ఆగే ఓపిక లేదు, రెయిలింగు పట్టుకుని ఎక్కేసింది, తలుపు తీసిన వదిన చేతులు పిండితో ఉన్నాయి, ఏంటమ్మా చెప్పాపెట్టకుండా, ఒంట్లో బాగుందా, మొహం అట్లా ఉందేంటి, కూర్చో టీ పెడతా, టీ వద్దు వదినా, అన్నయ్య ఏడి, లోపల ఉన్నాడు, ఇవాళ పొద్దుటి డ్యూటీ అయిపోయింది, ఇప్పుడే కునుకు తీసి లేచాడు అంటూ వదిన వంటింట్లోకి వెళ్లింది, అన్నయ్య సోఫాలో కూర్చుని ఉన్నాడు, ఖాకీ చొక్కా కుర్చీ వీపుకు వేలాడుతోంది, ఆమెను చూసి, అరే, ఆదివారం ఇంకా రాలేదే, క్యాలెండరు చింపేశావా అని నవ్వాడు, ఆమె నవ్వలేదు, టీవీ కింద ఉన్న ఆటల పెట్టె మీద దుమ్ము వేలితో గీస్తే గీత పడింది, దాన్ని ఆన్ చేసింది, ఆయన కొని ముట్టుకోకుండా ఉంచిన పడవ గేము పెట్టింది, కంట్రోలరు తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది, ఆడు, ఇప్పుడా, ఇప్పుడే, ఏంటే ఈ పంతం, నిశ్శబ్దం వినాలని ఉందన్నయ్యా, నువ్వు చెప్పావుగా, నా ముందు కాసేపు విను, ఆ మాటకు ఆయన నవ్వు సగంలో ఆగింది, పట్టుబడ్డానని ఆయనకు అప్పుడే తెలిసిందని ఆమెకు తెలిసింది, ఆ సంతోషం కొంచెం కారంగా, కొంచెం తీయగా నాలుక మీద తగిలింది, బాగా అయింది, ఇప్పుడు ఏమని తప్పించుకుంటావో చూస్తా, టైము లేకపోయిందే అంటావా, బోరు కొట్టింది అంటావా, చిన్నప్పుడు వీధి చివర గేముల షాపులో ఒకే స్టూలు మీద చెరో సగం కూర్చుని కడ్డీ నువ్వు తిప్పి మీటలు నేను నొక్కిన రోజుల్లో నీకు బోరు తెలియదే అని అందామనుకుంది, ఈలోగా ఆయన కంట్రోలరు చేతిలోకి తీసుకున్నాడు.

పడవ రేవు దాటింది, మొదటి పది క్షణాలు బాగానే నడిపాడు, అబ్బో మర్చిపోలేదు, అని ఆమె వెటకారంగా అనుకునేలోపే ఎడమ పక్క నుంచి రాళ్లు వచ్చాయి, నల్లగా, ఎవరికైనా కనబడేంత పెద్దవి, పడవ తిన్నగా వెళ్లి గుద్దుకుంది, కావాలని చేస్తున్నాడు అనుకుంది, మళ్లీ మొదలుపెట్టు అంది, మళ్లీ అవే రాళ్లు, మళ్లీ గుద్దాడు, మూడోసారి తెర ఎడమ వైపు రాళ్లున్నాయని హెచ్చరిస్తూ గంట మోగించే తేలే పీపా ఒకటి ఎర్ర దీపంతో వెలుగుతుంటే ఆ గంట విని తల మొత్తం అటు తిప్పాడు, మళ్లీ మొత్తం ఇటు తిప్పాడు, పిట్టలాగా, అచ్చం పిట్టలాగా, కోపంతో బిగుసుకున్న ఆమె భుజాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి, ఆ తల తిప్పుడు ఆమెకు తెలుసు, పోయిన వారమే షాపులో ఒక పెద్దాయన రసీదు మీద సంతకం పెడుతూ పక్కనే ఉన్న పెన్ను కోసం బల్లంతా తడిమాడు, తల అట్లాగే తిప్పాడు, ఆమే ఆయన్ను కూర్చోబెట్టి కంటి ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది, రోజుకు పాతిక జతల కళ్లు చూస్తుంది తను, పాతిక జతలు, కంట్రోలరు లాక్కుని పక్కన పెట్టి ఆయన ఎదురుగా స్టూలు జరుపుకుని కూర్చుంది, నా ముక్కుకేసి చూడు, ఎందుకే, చూడన్నయ్యా, కదలకు, చెయ్యి పక్కకు చాచి వేళ్లు ఆడించింది, ఎన్ని, రెండు, ఆడించింది నాలుగు, ఇప్పుడు, మూడు, చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది, ఇప్పుడెన్ని అంది, రెండు అన్నాడు.

ఎన్నాళ్లుగా, నెమ్మదిగా, మీ వదిన వింటుంది, ఎన్నాళ్లుగా అని అడుగుతున్నా, ఏడాది, ఎడమది ముందు, కుడిది ఈ మధ్య, సూటిగా చూస్తే అంతా శుభ్రంగా కనబడుతుందే, పక్కలే పొగమంచు, డిపోలో పరీక్ష పెట్టారుగా, పెట్టారు, ఎదురుగా అక్షరాల బోర్డు, కింది వరుస దాకా చదివేశా, అవును, ఆమె షాపులో కూడా అదే బోర్డు, ఆమె కూడా ఏడాది కిందట ఆయన్ను అదే బోర్డు ముందు కూర్చోబెట్టి, భేషుగ్గా ఉంది, దగ్గరి చూపు నెంబరు కొంచెం మారింది అంతే అని తన చేతులతో అద్దాలు అరగదీసి ఇచ్చింది, ఆ అద్దాలే ఆయన ముక్కు మీద ఉన్నాయి, ఆ అద్దాలతో ఆయన, బస్సు, ఆ మాట అప్పుడు తగిలింది ఆమెకు, ఆటలు కాదు, గడ్డపాయన కాదు, బస్సు, రేపు డ్యూటీ ఎన్నింటికి, ఆరింటికి, ఎట్లా నడుపుతున్నావు, అలవాటే, రూటు నాకు కంఠతా వచ్చు, ఏ మలుపులో ఏ గుంట ఉందో కళ్లు మూసుకుని చెప్తా, ఎడమ పక్క ఏదైనా ఉంటే కండక్టరు కేకేస్తాడు, వాడు మనవాడే, ఇంకా పది నెలలు, పది నెలలైతే పదవీ విరమణ, మర్యాదగా దిగిపోతా, ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా, ఏమీ కాలేదా, అంటే, మొన్న ఒక సైకిలాయన హ్యాండిలు కొంచెం తగిలింది, పడ్డాడు, లేచాడు, తిట్టాడు, వెళ్లిపోయాడు, ఏమీ కాలేదు, లేచాడా అన్నయ్యా, ఆయన లేచాడు కాబట్టి ఏమీ కాలేదా, అరవకే, అరుస్తాను, రాళ్లయితే మళ్లీ మొదలుపెట్టు అన్నాను, సైకిలాయనకు ఏమని చెప్తావు, ఆయన గోళ్ల వంక చూసుకున్నాడు, మరి నాకెందుకు చెప్పావు ఆ గేముల కబుర్లన్నీ, ఆడలేకపోతున్నానని ఒక్క మాట అంటే సరిపోయేది కదా, అంటే ఆయన తలెత్తాడు, ఎందుకు ఆడలేకపోతున్నావు అని అడుగుతావు, అడిగితే నిమిషంలో పట్టేస్తావు, నీ పనే అది కదే, డాక్టరును తప్పించుకోవచ్చు, నిన్ను తప్పించుకోలేను అన్నాడు, ఆగి, ఆదివారం మన ఫోను కబుర్లు పోతాయని కూడా అన్నాడు, ఈ రెండింట్లో ఏది ముందు పుట్టిందో, ఏది ఇప్పుడు కలిపాడో ఆమెకు అర్థం కాలేదు, ఆయనకైనా తెలుసా, వదినకు చెప్పకే, నీ కాళ్లు పట్టుకుంటా, పది నెలలు.

ఆమె లేచి చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసింది, టీ అయిపోయిందమ్మా అని వదిన కేక వెనకాల వినబడింది, మెట్లు, ఒకటి, రెండు, నీ కాళ్లు పట్టుకుంటా అన్నాడు, ఆయన ఎవరి కాళ్లూ పట్టుకోలేదు ఈ జన్మలో, ఆమె మొగుడి ఇంటికి వెళ్లి ఆమె సామాను తెచ్చేటప్పుడు కూడా తలెత్తుకునే నిలబడ్డాడు, మెట్టు మెట్టుకీ ఏదో ఒకటి గుర్తొస్తోంది, స్టూలు మీద సగం కన్నా ఎక్కువ చోటు ఎప్పుడూ ఆమెదే, ఆయన ఒక తొడ మీద వేలాడేవాడు, ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదని డిపోలో దండ వేశారు, ఆ ఫోటో ఇంట్లో పెట్టలేదు, సిగ్గన్నాడు, రెండో అంతస్తు దిగేసరికి పిడికిళ్లు వాటంతట అవే విడిపోయాయి, రూటు కంఠతా వచ్చు అన్నాడు కదా, కండక్టరు ఉన్నాడు కదా, పది నెలలంటే ఎంత, నలభై ఆదివారాలు, జాగ్రత్తగా నడుపు అని గట్టిగా చెప్తే, మందులు ఇప్పిస్తే, సెలవులు కొన్ని పెట్టిస్తే, పోనీ పొద్దుటి డ్యూటీలే వేయించుకుంటే, పొద్దున్న వెలుతురు బాగుంటుంది, అని ఆమె మనసు ఒక్కో మెట్టు మీద ఒక్కో మాట పేర్చి పెడుతుంటే, మొదటి అంతస్తు మలుపులో ఆగిపోయింది.

ఏం చేస్తున్నాను నేను, పొద్దున్న వెలుతురు బాగుంటుందా, ఆరింటి బస్సులో ఎవరుంటారు, ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్లు, స్కూలు పిల్లలు, నిద్రమొహాలతో నిలబడి కునికేవాళ్లు, ఆ బస్సుకు ఎడమ పక్క సైకిలు మీద ఇంకొక ఆయన, ఆయన లేస్తాడో లేవడో, వాళ్లెవరూ తన అన్నయ్య స్టూలు మీద చోటిచ్చిన సంగతి ఎరగరు, గేములో ముసలావిడను వదిలేసి ఏడ్చిన తను నిజంగా ఎవరిని వదిలేసి వెళుతోంది ఇప్పుడు, మెట్లు దిగుతూ దిగుతూ, మెత్తగా, తెలియకుండా, ఇంకొక్క అంతస్తు దిగి వీధిలోకి వెళితే చాలు, బస్సెక్కి కూర్చుంటే చాలు, ఆదివారం పదింటికి ఫోను మోగితే ఎత్తుతుంది, ఆయన ఏదో ఒకటి చెప్తాడు, ఆమె వింటుంది, అప్పుడు మోసం ఆయన ఒక్కడిదే కాదు, ఆయన మీద ఉన్న ప్రేమ మీద తనకు అనుమానం లేదు, అదే భయం, ఆ ప్రేమ ఎంతకైనా ఒప్పుకుంటుంది, పది నెలలకూ ఒప్పుకుంటుంది, ఈ కోపం ఒక్కటే ఒప్పుకోదు, ఇది చల్లారితే జాలి వస్తుంది, జాలి వస్తే నోరు పడిపోతుంది, కాబట్టి చల్లారకముందే, ఆయన ఇక ఎప్పటికీ తనతో మాట్లాడకపోయినా సరే, రేపు ఆరింటికి ఆ బస్సు ఆయన చేతిలో కదలకూడదు, అంతే, ఆమె వెనక్కి తిరిగి మెట్లెక్కింది, రెండేసి మెట్లు, తలుపు ఇంకా తెరిచే ఉంది, అన్నయ్య సోఫాలో అట్లాగే ఉన్నాడు, ఆమె వైపు తల మొత్తం తిప్పాడు, ఆమె ఆయన్ను చూడలేదు, చూస్తే మళ్లీ మొదటికొస్తుందని తెలుసు, తిన్నగా వంటింటి గడప దగ్గరికి వెళ్లి నిలబడింది, వదినా, స్టవ్ కట్టేసి చేతులు కడుక్కుని ఇలా రా, ముందు నీకొక మాట చెప్పాలి, ఆ తర్వాత మనిద్దరం కలిసి డిపోకి వెళ్లాలి.